చైనా చిట్కాలు మన పచారీ సరుకుతోనే: ఏది ఎలా వాడాలి, దేని జోలికి పోకూడదు

మన వైపు ఈమధ్య చాలామంది ఫోన్‌లో ప్రకటన చూసి చైనా మూలికల పొడులు, నల్ల మాత్రలు, పొట్ట కరిగించే టీ ప్యాకెట్లు ఆర్డర్ పెట్టేస్తున్నారు. వచ్చిన డబ్బా మీద ఒక్క ముక్క చదవడం రాకపోయినా పక్కింటివాళ్ళు ఎన్ని వేసుకుంటే తామూ అన్నే వేసుకుంటున్నారు. దయచేసి ఆ పని మానేయండి. చైనాలో ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చేసుకునే చిట్కాలకి కావలసిన సరుకు చాలావరకు పాలకొల్లులోనో అమలాపురంలోనో పచారీ కొట్టుకి వెళ్తే దొరుకుతుంది. అల్లం, శొంఠి, పెసలు, దాల్చినచెక్క, నల్లనువ్వులు, పిప్పళ్ళు, కరక్కాయ, తుంగముస్తలు, చివరికి కాలవ గట్టున మొలిచే గుంటగలగర కూడా వాళ్ళ మందుల్లో ఉన్నవే. వాటిలో కొన్నిటిని ఎలా వాడతారో, ఎక్కడ ఆగాలో చెప్తాను. ఇవన్నీ రొంప, కడుపుబ్బరం, వికారం, మామూలు నెలసరి నొప్పి, ఎండ నీరసం లాంటి చిన్న ఇబ్బందులకే. షుగర్‌కి, బీపీకి వేసుకునే మాత్రలు ఆపేసి వీటిని పట్టుకోవద్దు.

ముందు వాళ్ళ లెక్క తెలియాలి, అది మనకి కష్టం కాదు. మామిడిపళ్ళు ఎక్కువ తింటే వేడి చేసింది అంటాం, సబ్జా గింజలు చలవ అంటాం. వాళ్ళూ అలాగే ప్రతి తిండినీ వేడి, వెచ్చన, మధ్యస్తం, చల్లన, బాగా చలవ అని విడదీస్తారు. ఒంట్లో వేడి పెరిగితే చలవ వస్తువు, చలి చేరితే వేడి వస్తువు ఇస్తారు. దీనికి తోడు చెమ్మ అని ఇంకో లెక్క ఉంది. గాలిలో చెమ్మ ఎక్కువున్న చోట అది ఒంట్లోనూ చేరి ఒళ్ళు బరువెక్కుతుంది, ఆకలి మందగిస్తుంది, కడుపు ఉబ్బుతుంది అంటారు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా డెల్టాలో ఉండే ఉక్కపోత, ముసురు అలవాటైన మనకి ఈ మాట తొందరగానే అర్థమవుతుంది. ఏది వాడాలో తేల్చుకోవడానికి వాళ్ళు నాలుక చూస్తారు. పొద్దున్నే పళ్ళు తోమకముందు, కాఫీ తాగకముందు, మంచి వెలుతురులో అద్దం ముందు చూసుకోండి. తెల్లటి పూత దళసరిగా ఉంటే అల్లం, కమలా తొక్క వైపు వెళ్తారు. నాలుక ఎర్రగా, పూత లేకుండా, ఎండిపోయినట్టు ఉంటే పెసలు, బేరిపండు వైపు వెళ్తారు. ఇది వాళ్ళ సంప్రదాయపు అంచనా, రక్తపరీక్షకి బదులు కాదు. నాలుక మీద మానని పుండో మచ్చో కనిపిస్తే మాత్రం ఏ కషాయమూ పెట్టుకోకుండా డాక్టరుకి చూపించండి.

అల్లంతో మొదలుపెడదాం. వాళ్ళ పద్ధతిలో పచ్చి అల్లం పని వేరు, శొంఠి పని వేరు. వానలో తడిసొచ్చి ముక్కు కారుతూ, చలిగా ఉంటూ, తుమ్ములు మొదలైన మొదటి రోజున పచ్చి అల్లం. కడుపు చల్లబడి విరేచనం పల్చగా అవుతున్నవాళ్ళకి శొంఠి. చైనా ఫార్మకోపియాలో, అంటే మందుల కొలతలు చెప్పే అక్కడి అధికారిక గ్రంథంలో, పచ్చి అల్లానికి రోజుకి 3 నుంచి 10 గ్రాముల కొలత ఉంది, బొటనవేలి మొదటి కణుపంత ముక్క అనుకోండి. తొక్క తీయకుండా బాగా కడిగి పల్చటి చక్రాలుగా కోసి, రెండు గ్లాసుల నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, దించే ముందు కొంచెం బెల్లం వేయండి. వాళ్ళు శుద్ధి చేయని ఎర్ర చక్కెర వేస్తారు, బెల్లం దానికి సరిగ్గా సరిపోతుంది. ఇందులోనే గింజ తీసిన ఎండు రేగుపళ్ళు మూడో నాలుగో వేస్తారు. అవి మన భోగిపళ్ళకి దగ్గరి చుట్టాలే గానీ జాతి వేరు, పెద్దగా తియ్యగా ఉంటాయి. దొరక్కపోతే లేకుండానే చేసుకోండి, వాటి కోసం వందలు పోయక్కర్లేదు. వేడిగా తాగి దుప్పటి కప్పుకుని కాస్త చెమట పట్టనివ్వడం వాళ్ళ పద్ధతి. గొంతు ఎర్రబడి మండుతూ ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం వాళ్ళు అల్లం ఇవ్వరు, అది వేడి జబ్బు అంటారు. నెలసరి నొప్పికి కూడా ఇవే అల్లం బెల్లం నీళ్ళు, ముందు రోజు నుంచి రోజుకి రెండుసార్లు. కడుపులో పుండు, బాగా గ్యాస్ మంట ఉన్నవాళ్ళకి ఇది పడదు. నెలనెలా మంచం దిగలేనంత నొప్పి ఉన్నా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా అది కషాయాలతో నెట్టుకొచ్చే సంగతి కాదు, స్కానింగ్ చేయించాలి.

ఎండాకాలానికి పెసలు. చైనాలో ఎండ ముదిరితే ఇంటింటా పెసర నీళ్ళు కాస్తారు. మనం శ్రీరామనవమికి వడపప్పు, పానకం పెట్టేది ఆ రోజుల్లోనే, పథ్యంలో పెసరకట్టు పోసేదీ మనమే, కాబట్టి నమ్మకం కుదరడం కష్టం కాదు. తేడా ఏమిటంటే వాళ్ళు పొట్టు తీయరు, చలవ అంతా ఆ పచ్చటి పొట్టులోనే ఉందంటారు. దాళ్వా (రెండో పంట వరి) వేయని చేలల్లో పండిన పెసలు ఇంట్లో ఉంటే అవే వాడండి, పురుగు మందు కలిపి విత్తనానికి దాచినవి మాత్రం పొరపాటున కూడా తీయకండి. ఒక గ్లాసు పెసలు కడిగి గంటసేపు నానబెట్టి, పది గ్లాసుల నీళ్ళలో మూత పెట్టి పెద్ద మంట మీద కాయండి. పది నిమిషాలకి గింజ పగలకముందే పచ్చగా తేరిన నీళ్ళు వస్తాయి. ఎండన పడి వచ్చినవాళ్ళకి ఆ నీళ్ళు వంపుకుని గోరువెచ్చగా ఇస్తారు. మిగతాది ఇంకో అరగంట ఉడికిస్తే గింజ విచ్చుకుంటుంది, పటికబెల్లం వేసుకుని జావలా తినేయొచ్చు. నీళ్ళు పచ్చగా రాకుండా ఎర్రగా వస్తున్నాయని కంగారు పడకండి. పొట్టులోని రంగు గాలి తగిలి మారడం వల్ల అలా అవుతుంది, క్షారం ఎక్కువున్న నీళ్ళలో ఇంకా తొందరగా మారుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు వదిలేసి టిన్ను నీళ్ళతో కాయండి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పచ్చదనం నిలుస్తుంది.

చెమటతో పోయే ఉప్పు ఇందులో లేదు. చేలో, చేపల చెరువు గట్టు మీద, కొబ్బరి దింపుల్లో రోజంతా ఎండలో ఉండేవాళ్ళు పెసర నీళ్ళు తాగితే తాగండి గానీ ఓఆర్ఎస్ పక్కన పెట్టకండి. మనిషి తడబడుతూ అర్థం లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు 40 డిగ్రీల సెల్సియస్ దాటి కాలిపోతున్నా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు పెసలు ఎంత తినొచ్చో తమ డాక్టరునే అడగాలి, పొటాషియం సంగతి ఉంటుంది. విరేచనాలు అవుతున్నవాళ్ళకి, చల్లటిది ఏది తిన్నా కడుపు పట్టేసేవాళ్ళకి చైనా వాళ్ళు కూడా దీన్ని ఇవ్వరు.

నాకు వీటన్నిట్లో బాగా ఇష్టమైనది కమలా తొక్క. వాళ్ళు చెన్‌పీ అంటారు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో షిన్‌హుయ్ అనే ఊరు దీనికి పేరుపడింది, అక్కడ తొక్కని కనీసం 3 ఏళ్ళు నిల్వ ఉంచితేనే చెన్‌పీ అంటారు, పాతబడే కొద్దీ ధర పెరుగుతుంది. మనకి శీతాకాలంలో బండ్ల మీదకి వచ్చే నాగపూర్ కమలా కూడా ఆ జాతిదే. బత్తాయి వేరే జాతి, దాని తొక్క దీనికి వాడకండి. పండు వలిచే ముందే ఉప్పు నీళ్ళలో అరగంట నానబెట్టి చేత్తో రుద్ది కడగండి, పైన మైనం, మందు ఉంటాయి. వలిచిన తొక్కని లోపలి తెలుపు పైకి ఉండేలా చాప మీద పరిచి, పెళుసుగా విరిగేదాకా నాలుగైదు రోజులు ఎండబెట్టండి. అసలు పని నిల్వ దగ్గరే ఉంది. మన గాలిలో ఉన్న చెమ్మకి శ్రావణం వచ్చేసరికి తొక్క మెత్తబడి బూజు పడుతుంది. గాజు సీసాలో బిగించి పెట్టి, వానలు తెరిపిచ్చినప్పుడల్లా తీసి ఎండ చూపించాలి. బూజు ఒక్క ముక్కకి పట్టినా సీసా మొత్తం పారేయండి, దులిపి వాడటం లాంటివి వద్దు. మూడేళ్ళు ఆగలేకపోతే ఒక ఏడాది దాటిన తొక్క వాడుకోండి, ఘాటు కాస్త ఎక్కువుంటుంది, అంతే.

వాడటం తేలిక. రూపాయి బిళ్ళంత ముక్కలు మూడు నాలుగు పది నిమిషాలు నానబెట్టి, రెండు అల్లం చక్రాలతో పదిహేను నిమిషాలు మరిగించి భోజనమైన అరగంటకి తాగాలి. పులస పులుసు, వేపుడు, ఊరమిరపకాయలు అన్నీ కలిపి లాగించాక వచ్చే కడుపుబ్బరానికి, తేన్పులకి హాయిగా ఉంటుంది. గొంతులో తెల్లటి కఫం ఆడుతున్నవాళ్ళకి కూడా ఇస్తారు. పొడి దగ్గు ఉన్నవాళ్ళకి ఇవ్వరు, ఇంకా ఎండగడుతుందంటారు.

పొడి దగ్గుకి బేరిపండు. తొడిమ వైపు మూతలా కోసి, లోపలి గింజల భాగం గరిటతో తీసేసి, ఆ గుంటలో చెంచాడు పటికబెల్లం వేసి, మూత పెట్టి గిన్నెలో ఉంచి ఇడ్లీ పాత్రలో అరగంట ఆవిరి పెట్టండి. పండు మెత్తబడి గిన్నెలో రసం ఊరుతుంది, రెండూ తినాలి. షుగర్ ఉన్నవాళ్ళకి కాదు. పటికబెల్లం బదులు తేనె వేసేవాళ్ళు ఏడాది లోపు పిల్లలకి చుక్క కూడా నాకించకండి. దగ్గు రెండు వారాలు దాటితే పండ్లు ఆవిరి పెట్టుకుంటూ కూర్చోకుండా కఫం పరీక్ష చేయించుకోవాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితం.

చామంతి టీ గురించి చాలామంది అడుగుతారు. రోజంతా ఫోన్, కంప్యూటర్ చూసి కళ్ళు మండేవాళ్ళకి చైనాలో ఐదారు ఎండు చామంతి పూలు, పది గోజీ బెర్రీలు (చిన్న ఎర్రటి ఎండు పళ్ళు) గ్లాసులో వేసి వేడి నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి ఇస్తారు. మనకి కడియపులంక పూల మార్కెట్ దగ్గరే ఉంది కదా, అక్కడి చామంతులు ఎండబెట్టేద్దాం అనుకోకండి. దండలకి పండించే పూల మీద తినే పంట కాదని మందులు గట్టిగానే కొడతారు. తాగడానికని అమ్మే పూలే కొనండి, లేదా మందు కొట్టకుండా కుండీలో మీరే పెంచుకోండి. ఇంకో సంగతి, చామంతి, వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు. గట్ల మీద వయ్యారిభామ పీకితే దద్దుర్లు, తుమ్ములు వచ్చేవాళ్ళకి ఈ టీ కూడా పడకపోవచ్చు, వాళ్ళు మానేయడమే మంచిది.

చేలో కలుపు అని పీకి పారేసే తుంగ ఉంది చూశారూ, దాని గడ్డే వాళ్ళ ష్యాంగ్‌ఫూ, నెలసరికి ముందు వచ్చే నొప్పికీ చిరాకుకీ వాళ్ళు తరచుగా వాడే మందు. మన ఆయుర్వేదంలో తుంగముస్తలు అనేది కూడా ఇదే గడ్డ. కానీ కలుపు మందు కొట్టిన చేలో తవ్వుకోకండి, మూలికల కొట్టులో కొనండి. ఆరేడు గ్రాములు నలగ్గొట్టి రెండు గ్లాసులు ఒక గ్లాసు అయ్యేదాకా కాచి తాగుతారు. కడుపుతో ఉన్నవాళ్ళు ముట్టకూడదు. అతిమధురం మీద మాత్రం గట్టి జాగ్రత్త కావాలి. చైనా మందుల యోగాల్లో అది లేనివి తక్కువ, గొంతుకి చిన్న ముక్క చప్పరిస్తే ఫర్వాలేదు గానీ, వారాల తరబడి తీసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది, కాళ్ళు వాస్తాయి. బీపీ, గుండె, కిడ్నీ రోగులకి అసలు వద్దు.

మందు లేకుండా చేత్తో చేసుకునేవి కూడా ఉన్నాయి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కగానే వాంతులయ్యేవాళ్ళు ఇది నేర్చుకోండి. అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టు గీత మీద రెండో చేతి మూడు వేళ్ళు అడ్డంగా ఆనించండి. ఆ మూడో వేలు అయిపోయిన చోట, మధ్యలో కనిపించే రెండు నరాల్లాంటి తాళ్ళ నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కి, వదలకుండా చిన్నగా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు ఉంచాలి. తర్వాత రెండో చెయ్యి. దీన్ని నైగ్వాన్ అంటారు. ఆపరేషన్ తర్వాత వచ్చే వికారం మీద ఈ చోటుని బాగానే పరీక్షించారు, ఉపయోగం కనిపించింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండలో ఉండే హగూ అనే చోటు తలనొప్పికి, పంటినొప్పికి నొక్కుతారు, గర్భిణులకి ఆ చోటు నొక్కరు.

రాత్రి పడుకోబోయే ముందు పదిహేను నిమిషాలు వేడి నీళ్ళలో పాదాలు పెట్టుకోవడం చైనాలో చాలామంది ముసలివాళ్ళకి అలవాటు. నీళ్ళు 40 డిగ్రీలు మించకూడదు, కాలితో కాకుండా మోచేతితో చూడండి. షుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్ళు ఇది చేయొద్దు, కాలినా తెలియదు, ఆ పుండు ఎంత దూరం పోతుందో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. నాట్ల రోజుల్లో బురదలో నాని వేళ్ళ సందులు పాసిపోయి ఉంటే ముందు కాళ్ళు పొడిగా తుడిచి ఆరబెట్టుకుని పుండు తగ్గించుకోవాలి.

గువా షా అంటే నూనె రాసి పింగాణీ చెంచా అంచుతో మెడ నుంచి భుజం వైపు ఒకే దిశలో గీకడం. ఎర్రటి చుక్కలు తేలి నాలుగైదు రోజుల్లో పోతాయి. బిగిసిన మెడకి కొంత హాయి ఉంటుంది. జ్వరం వస్తే కూడా గీకుతారు వాళ్ళు, మనం ఆ పని చేయకూడదు. వానాకాలంలో ఇక్కడ జ్వరం అంటే డెంగీ అయ్యే అవకాశం ఉంది, ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు చర్మం కింద రక్తం చిట్లేలా గీకడం ప్రమాదం. కప్పులు పెట్టి పీల్చే పద్ధతికీ ఇదే మాట, నిప్పుతో కప్పులు పెట్టడం ఇంట్లో ప్రయత్నించకండి.

టైగర్ బామ్ మన తాతల కాలం నుంచీ తెలిసిన చైనా మందే. రంగూన్‌లో స్థిరపడిన ఆవ్ చూ కిన్ అనే చైనా వైద్యుడి కుటుంబం నుంచి వచ్చింది, కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్ళు పనికి ఓడలెక్కి వెళ్ళిన ఆ రంగూనే. కర్పూరం, మెంథాల్, లవంగ నూనె లాంటివి అందులో ఉంటాయి. నొప్పి ఉన్న చోట పల్చగా రాయండి, కళ్ళ దగ్గర, పుండు మీద వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి ముక్కు దగ్గరైనా సరే రాయకండి, కర్పూరం వాళ్ళకి ఫిట్స్ తెప్పించగలదు.

ఇక దేని జోలికి పోకూడదో. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక స్లిమ్మింగ్ క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల మాత్రల్లో ఒక వేరుకి బదులు అరిస్టొలోకియా జాతి వేరు కలిసింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. మన దగ్గర ఈశ్వరి అని పాముకాటుకి వాడే తీగ ఆ జాతిదే. కడుపులోకి తీసుకోకండి, పాము కరిస్తే నేరుగా విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి. మా హువాంగ్ అనే ఎఫిడ్రా మొక్క ఉన్న బరువు తగ్గించే మందులని అమెరికా 2004లో నిషేధించింది, గుండెపోట్లు, పక్షవాతం వచ్చాయి. ఫూజీ అనేది మన వసనాభి జాతి, సరిగ్గా శుద్ధి చేసి చాలాసేపు ఉడికించకపోతే ప్రాణం తీస్తుంది. స్లిమ్మింగ్ టీ చాలా వాటిలో ఉండేది సునాముఖి ఆకు, విరేచనాలతో నీరు పోయి బరువు తగ్గినట్టు కనిపిస్తుంది, కొవ్వు కరగదు. ఎండిన సముద్రపు గుర్రాలు కూడా చైనా మందుల్లోకే వెళ్తాయి, వలలో పడ్డాయని దాచినా అమ్మినా కొన్నా నేరం, 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది.

ఆకు నుంచి మందు ఎలా వస్తుందో తెలియాలంటే తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త కథ తెలుసుకోవాలి. మలేరియాకి ఆర్టిమిసినిన్ కనిపెట్టినందుకు ఆవిడకి 2015లో నోబెల్ వచ్చింది. ఛింగ్‌హావ్ అనే మొక్కని మరిగించి తీసిన సారం సరిగ్గా పనిచేయలేదు. 4వ శతాబ్దపు వైద్యగ్రంథంలో ఆ మొక్కని నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉండటం చూసి, వేడి వల్లే గుణం పోతోందేమోనని తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో తీసి చూశారు, అప్పుడు పనిచేసింది. తర్వాత జంతువుల మీద, తమ మీద, రోగుల మీద పరీక్షించి కొలత తేల్చాకే మందు అయింది. అందుకని రంపచోడవరం వైపు వెళ్ళొచ్చి చలిజ్వరం వస్తే ఆ ఆకు టీ కాచుకోవడం కాదు, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకుని మాత్రల కోర్సు పూర్తి చేయాలి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు గోజీ బెర్రీలు, జిన్‌సెంగ్, డాంగ్‌గ్వై అనే వేళ్ళు, మందు మోతాదులో అల్లం డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి. జిన్‌సెంగ్ షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. ఆపరేషన్ ఉంటే ఏం తీసుకుంటున్నారో ముందే చెప్పండి, మామూలుగా రెండు వారాల ముందే ఇవన్నీ ఆపమంటారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పేరు చెప్పడం కాదు, ప్యాకెట్టే పట్టుకెళ్ళండి. ఏ మూలిక మొదలుపెట్టినా ఒకసారికి ఒక్కటే మొదలుపెట్టండి, అప్పుడే పడనిది ఏదో తెలుస్తుంది. కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా లేక ముదురు రంగులో వచ్చినా, ఒళ్ళంతా దురద పెట్టినా అదే రోజు ఆపేసి లివర్, కిడ్నీ పరీక్షలు రెండూ చేయించండి.